సొంత మార్పులతో ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్: త్రైమాసిక బ్రాంచ్‌ల మీద ఒక కేస్ స్టడీ

ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందిన పోర్ట్స్ ట్రీలో 30 వేలకు పైగా సాఫ్ట్‌వేర్ల బిల్డ్ వివరాలు ఉంటాయి. ఒక్కో పోర్టు ఒక్కో డైరెక్టరీ. అందులో మేక్‌ఫైల్, సోర్స్ ఫైళ్ల చెక్‌సమ్‌లు ఉండే డిస్ట్‌ఇన్ఫో, చాలాసార్లు ప్యాకింగ్ లిస్టు, ఫైల్స్ అనే ఫోల్డర్‌లో ప్యాచ్‌లు ఉంటాయి. 2021 ఏప్రిల్‌లో ఈ ట్రీ సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కు మారింది; రెండూ మార్పుల చరిత్రను నమోదు చేసే సాధనాలే. మెయిన్ బ్రాంచ్‌లో రోజూ కమిట్లు పడుతూనే ఉంటాయి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల మొదట్లో దాన్నుంచి ఒక త్రైమాసిక బ్రాంచ్ చీలుతుంది: 2025క్యూ1, 2025క్యూ2, అలా. ఆ మూడు నెలలూ అందులోకి ముఖ్యంగా భద్రతా సవరణలు, బిల్డ్ ఆగిపోయే తప్పులకు సవరణలు మాత్రమే చెర్రీ-పిక్ అవుతాయి, అంటే మెయిన్‌లోని ఆ కమిట్లను మాత్రం ఎంచి ఇక్కడికి కాపీ చేస్తారు.

ఈ కేసు కొన్ని మెయిల్, వెబ్ హోస్టింగ్ సర్వర్లది. ప్యాకేజీలన్నీ పుద్రియేర్ అనే బిల్డ్ సాధనంతో సొంతంగా బిల్డ్ అయి, సొంత రిపాజిటరీ నుంచి సర్వర్లకు వెళ్తాయి. సొంత మార్పులు నాలుగు రకాలు. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కు అదనపు మాడ్యూళ్లు, దాంతోపాటు ఒక చిన్న సోర్స్ ప్యాచ్. పీహెచ్‌పీ డిఫాల్ట్ వెర్షన్ వేరు. సంస్థ లోపలి స్క్రిప్టులకు పోర్టులు. ఇక నాలుగోది, డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్‌ను 2.3 దగ్గరే నిలిపి ఉంచడం. 2025 జనవరిలో వచ్చిన డవ్‌కాట్ 2.4 పాత కాన్ఫిగరేషన్‌ను ఉన్నదున్నట్టు ఒప్పుకోదు. పైగా రెండు సర్వర్ల మధ్య మెయిల్‌ను ఎప్పటికప్పుడు సమానం చేసే పాత రెప్లికేషన్ సదుపాయాన్ని అందులో తీసేశారు. దాని మీద ఆధారపడ్డ సర్వర్లకు ప్రత్యామ్నాయం కుదిరేదాకా 2.3 తప్పదు.

మొదట్లో ఇవన్నీ ఒకే బ్రాంచ్‌లో కలిసిపోయి ఉన్నాయి. ఆ బ్రాంచ్‌లోకి అప్పుడప్పుడూ మెయిన్‌ను మెర్జ్ చేసేవారు. ఈ పద్ధతి కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత ఒక మార్పు ఎందుకు ఉందో, ఇంకా అవసరమో కాదో లాగ్ చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోటు రెండువైపులా వేర్వేరుగా మారడం) పరిష్కారాలన్నీ మెర్జ్ కమిట్ల లోపల దాక్కుంటాయి. మామూలు గిట్ లాగ్‌కు ప్యాచ్ ఫ్లాగ్ ఇచ్చినా మెర్జ్ కమిట్ల తేడాలు కనిపించవు. ఒక ప్యాచ్ సగం ఎగిరిపోయినా బయటపడేది సర్వర్ మీదే.

ముందు విడదీయడం

బ్రాంచ్ మోడల్ గురించి ఆలోచించేముందు తేల్చాల్సింది ఒకటుంది: ఏ మార్పు అసలు బ్రాంచ్‌లో ఉండాలి? మా అభిప్రాయంలో వీలైనంత తక్కువే ఉండాలి. అక్కడ పెట్టిన ప్రతి లైనునూ ఏటా నాలుగుసార్లు కొత్త పునాది మీదికి మోయాలి కదా, దీన్నే రీబేస్ అంటారు.

పాత బ్రాంచ్‌లో నికరంగా ఏం మిగిలిందో చూడటానికి గిట్ డిఫ్‌ను మూడు చుక్కలతో నడపాలి: మెయిన్...పాతది. మూడు చుక్కలు పెడితే రెండు బ్రాంచ్‌లూ ఆఖరుసారి కలిసిన చోటు నుంచి మనవైపు వచ్చిన తేడా మాత్రమే చూపిస్తుంది. రెండు చుక్కలు పెడితే అప్పట్నుంచి మెయిన్‌లో వచ్చిన వేల మార్పులు కూడా తిరగబడి కనిపిస్తాయి, అందులో మనవి వెతకడం కుదరదు. ఈ తేడాను పోర్టుల వారీగా విడదీస్తే చాలాభాగం ఆప్షన్ల మార్పులేనని తెలుస్తుంది.

ఆప్షన్లకు బ్రాంచ్ అక్కర్లేదు. పుద్రియేర్ కాన్ఫిగరేషన్ డైరెక్టరీలో జైలు (బిల్డ్ జరిగే విడి వాతావరణం) పేరు, ట్రీ పేరు, సెట్ పేరు కలిపి మేక్.కాన్ఫ్ ఫైలు పెట్టుకోవచ్చు. కేటగిరీ పేరు, పోర్టు పేరు, సెట్ లేదా అన్‌సెట్ అనే మాట మధ్యలో అండర్‌స్కోర్లతో కలిపితే ఆ ఒక్క పోర్టుకు వర్తించే వేరియబుల్ అవుతుంది. ఇంజిన్‌ఎక్స్ మాడ్యూళ్లు ఇలాగే బయటికి వెళ్లాయి. పీహెచ్‌పీ వెర్షన్ డిఫాల్ట్‌వెర్షన్స్ అనే ఒక్క లైనుతో సరిపోయింది. ఈ కాన్ఫిగరేషన్ డైరెక్టరీని కూడా ఒక చిన్న గిట్ రిపాజిటరీ చేయాలి. ప్రతి బిల్డ్‌కూ రెండు రిపాజిటరీల్లోనూ ఒకే పేరుతో ట్యాగ్ పెట్టాలి. ట్రీ పాతదీ ఆప్షన్లు కొత్తవీ అయితే వచ్చే ప్యాకేజీని మళ్లీ అలాగే తయారుచేయడం అసాధ్యం.

లోపలి స్క్రిప్టుల పోర్టులు ఓవర్‌లేలోకి వెళ్లాయి. ఓవర్‌లే అంటే పోర్ట్స్ ట్రీ ఆకారంలోనే ఉండే వేరే చిన్న ట్రీ. పుద్రియేర్‌కు పెద్దక్షరం ఓ ఫ్లాగ్‌తో దాని పేరు చెబితే అసలు ట్రీ మీద పరిచి చూస్తుంది. ఇక్కడొక ఆకర్షణ ఉంది. ఇంజిన్‌ఎక్స్ డైరెక్టరీని కూడా ఓవర్‌లేలోకి కాపీ చేసి అక్కడే మార్చుకుంటే రీబేసులూ కాన్‌ఫ్లిక్ట్‌లూ ఉండవు కదా అనిపిస్తుంది. నిజమే, ఉండవు. అందుకే అలా చేయకూడదు. పైనుంచి, అంటే అసలు ఫ్రీబీఎస్‌డీ ట్రీ నుంచి, ఆ పోర్టుకు భద్రతా సవరణ వచ్చినా ఓవర్‌లేలోని పాత కాపీ దాన్ని కప్పేస్తుంది. బిల్డ్ చక్కగా పూర్తవుతుంది, ఎక్కడా ఒక్క హెచ్చరిక రాదు. అదే మార్పు బ్రాంచ్‌లో ఉంటే, పైవాళ్లు అదే లైను ముట్టుకున్న రోజున కాన్‌ఫ్లిక్ట్ వచ్చి మనల్ని ఆపుతుంది. కాబట్టి పైన లేని కొత్త పోర్టులు ఓవర్‌లేలోకి, పైన ఉన్నవాటికి చేసే మార్పులు బ్రాంచ్‌లోకి.

ఇంత చేశాక బ్రాంచ్‌కు మిగిలినవి ఇంజిన్‌ఎక్స్ సోర్స్ ప్యాచ్, డవ్‌కాట్ నిలుపుదల, ఇంకా పైకి పంపి జవాబు కోసం చూస్తున్న ఒకటి రెండు సవరణలు. ప్రతిదీ ఒక పోర్టుకు ఒక కమిట్. మొదటి లైను పైవాళ్ల పద్ధతిలోనే కేటగిరీ/పోర్టు, తర్వాత విషయం. కింద కారణం, ఫ్రీబీఎస్‌డీ లోపాలను నమోదు చేసే బగ్‌జిల్లాలో నంబరుంటే అది, చివర్లో "ఎప్పుడు తీసేయాలి" అనే ట్రైలర్. ఈ చివరి లైను లేని కమిట్‌ను రివ్యూలో ఒప్పుకోకపోవడమే మంచిది.

బ్రాంచ్‌లు, రీబేస్

పైవాళ్ల రిపాజిటరీని "మూలం" అనే రిమోట్‌గా పెట్టుకుందాం. మన బ్రాంచ్ ప్రతి త్రైమాసికానికీ కొత్తది: సొంత/2025క్యూ1, సొంత/2025క్యూ2. క్లోన్ చేసేటప్పుడు డెప్త్ 1 పెట్టి చరిత్ర కత్తిరించకూడదు, ఎందుకంటే ఉమ్మడి పూర్వీకుడు దొరక్కపోతే రీబేస్ అడ్డదిడ్డంగా పోతుంది. పూర్తి క్లోన్ ఒక జీబీకి పైనే ఉంటుంది. అది భారమైతే ఫిల్టర్ ఆప్షన్‌కు బ్లాబ్:నన్ అని ఇవ్వాలి. కమిట్లన్నీ వస్తాయి, పాత ఫైళ్ల లోపలి సరుకు అవసరమైనప్పుడు మాత్రమే దిగుతుంది.

త్రైమాసికం మధ్యలో పని తేలిక. మూలాన్ని ఫెచ్ చేసి, సొంత/2025క్యూ1ను మూలం/2025క్యూ1 మీద మామూలుగా రీబేస్ చేస్తే చాలు. జాగ్రత్త పడాల్సింది త్రైమాసికం మారేటప్పుడు. పాత సొంత బ్రాంచ్‌కు కొత్త పేరుతో నకలు తీసి, ఇలా నడపాలి:

గిట్ రీబేస్ --ఆన్‌టు మూలం/2025క్యూ2 మూలం/2025క్యూ1 సొంత/2025క్యూ2

ఆన్‌టు లేకుండా నేరుగా మూలం/2025క్యూ2 మీద రీబేస్ చేస్తే ఏమవుతుందో చూద్దాం. 2025క్యూ1 అనేది మెయిన్ నుంచి జనవరిలో చీలిన కొమ్మ. దాని మీద పడిన చెర్రీ-పిక్ కమిట్లేవీ 2025క్యూ2 పూర్వీకుల్లో లేవు. అక్కడున్నవి మెయిన్‌లోని అసలు కమిట్లు, వాటి హ్యాష్‌లు (కమిట్ గుర్తింపులు) వేరు. కాబట్టి గిట్ వాటన్నిటినీ మన కమిట్లే అనుకుని మోయడానికి చూస్తుంది. తేడా అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయిన కమిట్లను గుర్తుపట్టి వదిలేస్తుంది. కానీ చెర్రీ-పిక్ చేసేటప్పుడు కమిటర్ కొద్దిగా సర్దిన వాటిని గుర్తుపట్టలేదు. అప్పుడు మనం ఎన్నడూ ముట్టని పోర్టుల్లో కాన్‌ఫ్లిక్ట్‌లు వరసపెట్టి వస్తాయి. ఆన్‌టు ఇచ్చినప్పుడు "మూలం/2025క్యూ1లో లేనివి మాత్రమే ఎత్తుకో" అని స్పష్టంగా చెప్పినట్టు. అలా ఎత్తుకునేవి మన నాలుగైదు కమిట్లే.

రీబేస్ అయ్యాక రేంజ్-డిఫ్ తప్పనిసరి. పాత పునాది..పాత సొంతం, కొత్త పునాది..కొత్త సొంతం అని రెండు శ్రేణులిస్తే కమిట్లను జతలుగా చూపిస్తుంది. సమాన గుర్తు ఉంటే మార్పు లేదు, ఆశ్చర్యార్థకం ఉంటే కమిట్ లోపల ఏదో మారింది, ఎడమవైపు బాణం ఉంటే కొత్త బ్రాంచ్‌లో అది లేదు. రివ్యూ చేసేవారు చదవాల్సింది ఆశ్చర్యార్థకాలూ ఎడమ బాణాలే. మెర్జ్ పద్ధతిలో ఈ సౌకర్యం దొరకదు. చరిత్ర తిరగరాయడం ఇష్టం లేనివాళ్లకు కూడా ఈ ఒక్క కారణం చాలని మా నమ్మకం.

చరిత్ర మారుతుంది కాబట్టి బిల్డ్ మెషిన్ బ్రాంచ్‌ను పుల్ చేయకూడదు. పుద్రియేర్ గిట్ పద్ధతిలో తనే ట్రీని అప్‌డేట్ చేస్తే లోపల జరిగేది పుల్, రీబేస్. పైగా అది డిఫాల్ట్‌గా తీసుకునేది డెప్త్ 1 క్లోన్. ఫోర్స్ పుష్ అయిన బ్రాంచ్ మీద ఈ రెండూ కలిస్తే ఫలితం నమ్మదగ్గది కాదు. దానికి బదులు బిల్డ్ మెషిన్ మీద గిట్ వర్క్‌ట్రీ పెట్టి, దాన్ని ట్యాగ్ దగ్గర చెక్‌అవుట్ చేసి, పుద్రియేర్‌కు నల్ పద్ధతిలో ఆ దారి మాత్రమే చూపించాలి. ట్రీ ఎప్పుడు మారాలో నిర్ణయించేది ట్యాగ్ పెట్టే మనిషి.

కాన్‌ఫ్లిక్ట్‌లు: ఎక్కడ, ఎందుకు

ఎక్కువసార్లు వచ్చేది మేక్‌ఫైల్‌లో పోర్ట్‌రివిజన్ లైను దగ్గర. దాని సంగతి వేరుగా చెప్పుకుందాం.

రెండోది డిస్ట్‌ఇన్ఫో. అందులో టైమ్‌స్టాంప్ లైను, ఒక్కో సోర్స్ ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ256, సైజు ఉంటాయి. మన కమిట్ కొత్త సోర్స్ ఫైలేదీ చేర్చకపోతే డిస్ట్‌ఇన్ఫోలో పైవాళ్ల వైపునే తీసుకోవాలి. ఇక్కడ చాలామంది తడబడే చోటుంది. రీబేస్ జరుగుతున్నప్పుడు "అవర్స్" అంటే పైవాళ్ల పునాది, "దెయిర్స్" అంటే మన కమిట్. మెర్జ్‌లో అలవాటైన అర్థానికి ఇది తలకిందులు. పైవాళ్లది కావాలని దెయిర్స్ ఇస్తే పాత చెక్‌సమ్‌లే తిరిగొస్తాయి. మన కమిట్ నిజంగానే కొత్త ఫైలు చేరిస్తే చేత్తో అతికించకుండా మేక్ మేక్‌సమ్ నడపాలి. మేక్‌సమ్ దిగిన ఫైలు దేన్నైనా నమ్మేస్తుంది కనుక, పైవాళ్ల డిస్ట్‌ఇన్ఫోలో ముందే ఉన్న ఫైళ్ల హ్యాష్‌లు మారలేదని గిట్ డిఫ్‌లో చూసుకోవాలి.

మూడో రకాన్ని గిట్ చూడలేదు. ఫైల్స్ ఫోల్డర్‌లో మనం చేర్చిన ప్యాచ్‌ను పైవాళ్లు ఎవరూ ముట్టరు, కాబట్టి రీబేస్ శుభ్రంగా పోతుంది. అసలు సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారి ఉంటే ఆ ప్యాచ్ కొత్త సోర్స్ మీద అంటుకోకపోవచ్చు, లేదా కొన్ని లైన్లు జరిగి అంటుకోవచ్చు. రెండోది ఎక్కువ ప్రమాదం. ఒకే ఆకారంలో ఉన్న రెండు ఫంక్షన్లలో తప్పుదానికి అంటుకుని కంపైల్ అయిపోయే వీలుంది. అందుకని మార్చిన ప్రతి పోర్టులో మేక్ ప్యాచ్ నడిపి, అవుట్‌పుట్‌లో ఫజ్, ఆఫ్‌సెట్ మాటలు వెతకాలి. ఉంటే సోర్స్ తెరిచి చూసి, మేక్ మేక్‌ప్యాచ్‌తో ప్యాచ్‌ను తిరిగి పుట్టించి, అదే కమిట్‌లో కలపాలి.

ట్రీ మొత్తాన్ని నడిపే ఫ్రేమ్‌వర్క్ మార్పులు కూడా ఇలా చప్పుడు లేకుండానే వస్తాయి. 2024లో మ్యాన్ పేజీల చోటు ప్రిఫిక్స్ కింది మ్యాన్ నుంచి షేర్/మ్యాన్‌కు మారింది. ఓవర్‌లేలోని సొంత పోర్టు ప్యాకింగ్ లిస్టులో పాత దారి రాసి ఉంటే, గిట్‌కు అభ్యంతరమేమీ లేకపోయినా ప్యాకేజింగ్ దశలో ఫైలు లేదని బిల్డ్ ఆగుతుంది. త్రైమాసికం మారినప్పుడల్లా ట్రీ మొదట్లోని అప్‌డేటింగ్, ఛేంజెస్ ఫైళ్లను రెండు త్రైమాసికాల మధ్య డిఫ్ తీసి చదవడం ఇందుకే.

రీరీరీ అనే గిట్ సదుపాయాన్ని ఆన్ చేసుకుంటే ఒకసారి పరిష్కరించిన కాన్‌ఫ్లిక్ట్ మళ్లీ వస్తే గిట్ తనే పూరిస్తుంది. రీబేస్ మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు ఇది చాలా ఉపయోగం. ఆటోఅప్‌డేట్ సెట్టింగ్ మాత్రం ఆన్ చేయవద్దు. పూరించిన ఫైలును మనం చూసి ఆడ్ చేయాలి. తప్పు పరిష్కారం గుర్తుండిపోతే రీరీరీ ఫర్గెట్ ఉంది.

వెర్షన్ నంబరు

అసలు చిక్కంతా ఇక్కడే. ప్యాకేజీ పేరులో అసలు వెర్షన్ తర్వాత అండర్‌స్కోర్‌తో పోర్ట్‌రివిజన్ (అసలు వెర్షన్ మారకుండా పోర్టు మారినప్పుడు పెంచే అంకె), కామాతో పోర్ట్‌ఎపాక్ (వెర్షన్ వెనక్కి వెళ్లినా కొత్తదిగా లెక్కించేలా పెంచే అంకె) ఉంటాయి. పోల్చేటప్పుడు ముందు ఎపాక్, తర్వాత వెర్షన్, చివర రివిజన్.

ఒక పోర్టు 1.4.2_2 దగ్గర ఉందనుకుందాం. మన ప్యాచ్ చేర్చి 1.4.2_3 చేశాం. పైవాళ్లు ఏదో లైబ్రరీ మారిందని తమ వైపు కూడా _3 చేశారు. రెండువైపులా లైను ఒకటే కావడంతో కాన్‌ఫ్లిక్ట్ కూడా రాదు. పుద్రియేర్ ఏది మళ్లీ బిల్డ్ చేయాలో వెర్షన్, ఆప్షన్లు, డిపెండెన్సీలు చూసి తేల్చుకుంటుంది. ప్యాచ్ ఫైలు లోపలి మార్పు ఆ లెక్కలోకి రాదు. 1.4.2_3 ఉందిగా అని పాతదాన్నే ఉంచుతుంది. బలవంతంగా బిల్డ్ చేయించినా సర్వర్ మీద ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పీకేజీ కమాండ్‌కు అందులో కొత్తదనం కనిపించదు.

అందుకే పైవాళ్ల రివిజన్‌కు 100 కలపాలి: _2 ఉంటే _102, రివిజనే లేకపోతే _100. పైవాళ్లు _3 చేసినప్పుడు తప్పకుండా కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది, పరిష్కారం _103. వెర్షన్ 1.4.3 అయితే వాళ్లు రివిజన్ లైను తీసేస్తారు, మనం 100 అని రాస్తాం. ఈ కాన్‌ఫ్లిక్ట్ రావడం మంచిదే. ఆ పోర్టును ఒకసారి మనిషి చూడాల్సిన సమయం వచ్చిందని అది చెబుతోంది.

ప్యాచ్‌ను పైవాళ్లు తమ ట్రీలో తీసుకున్న రోజున ఇంకో మడత ఉంది. తేడా ఒకటే అయితే రీబేస్ ఆ కమిట్ తనంతట తానే వదిలేస్తుంది. కాకపోతే మనం స్కిప్ చేస్తాం. అప్పుడు వెర్షన్ 1.4.2_4కు దిగుతుంది. సర్వర్ల మీద 1.4.2_103 ఉంది. పీకేజీ వెర్షన్ కమాండ్‌కు చిన్నక్షరం టీ ఫ్లాగ్‌తో ఈ రెండు నంబర్లూ ఇస్తే జవాబు "పెద్దది" అనే గుర్తు. అంటే అప్‌గ్రేడ్ జరగదు, పాత ప్యాకేజీయే ఉండిపోతుంది. కాబట్టి ప్యాచ్ పోయినా రివిజన్ 104 అని ఉంచే ఒక్క లైను కమిట్ మిగలాలి. దాని ట్రైలర్: "అసలు వెర్షన్ మారగానే తీసేయాలి."

పోర్ట్‌ఎపాక్‌ను మన వైపు ఎన్నడూ ముట్టకూడదు. వెర్షన్ వెనక్కి తేవాల్సి వచ్చినప్పుడు ఎపాక్ పెంచితే ఆ రోజుకు పని జరుగుతుంది. ఆ తర్వాత పైవాళ్ల దారిలోకి తిరిగి రావాలంటే 2.4.1 కన్నా 2.3.21,1 పెద్దదని పీకేజీ మొండికేస్తుంది. ప్రతి సర్వర్ మీదా ఫోర్స్‌తో ఇన్‌స్టాల్ చేయడం తప్ప దారి ఉండదు. డవ్‌కాట్ నిలుపుదల కమిట్, 2.4 ఉన్న ట్రీ నుంచి మొదటి బిల్డ్ వెళ్లకముందే పడాలన్నది ఇందుకే.

ఆ కమిట్‌లో డవ్‌కాట్ ఒక్కటే ఉంటే చాలదు. మెయిల్‌ను వర్గీకరించే సీవ్ ఫిల్టర్లు నడిపే పిజన్‌హోల్ ప్రతి డవ్‌కాట్ వెర్షన్‌కూ జతగా వస్తుంది. 2.3.21కు 0.5.21 జత, 2.4తో పాటు పిజన్‌హోల్ నంబరు కూడా 2.4కు మారింది. జత తప్పితే ప్లగిన్ వేరే ఏబీఐ (బైనరీ ఇంటర్‌ఫేస్) వెర్షన్‌దని డవ్‌కాట్ దాన్ని లోడ్ చేయదు, మెయిల్ డెలివరీ ఆగుతుంది. పాత కమిట్ నుంచి రెండు డైరెక్టరీలనూ గిట్ చెక్‌అవుట్‌తో తెచ్చి ఒకే కమిట్‌గా పెట్టాలి. ఒక పోర్టుకు ఒక కమిట్ అనే నియమానికి ఇది సరైన మినహాయింపు. సెర్చ్ ప్లగిన్ పోర్టులు వాడుతుంటే అవీ ఇందులోకే.

బిల్డ్, విడుదల

మార్చిన పోర్టుల జాబితా చేత్తో రాసుకోనక్కర్లేదు. మూలం/2025క్యూ2తో గిట్ డిఫ్‌లో ఫైలు పేర్లు మాత్రమే తీసి, మొదటి రెండు భాగాలు మాత్రమే ఉంచి, పునరావృతాలు తీసేస్తే అదే జాబితా. ఒక్కోదానికీ పుద్రియేర్ టెస్ట్‌పోర్ట్. ప్యాకింగ్ లిస్టులో చేరకుండా మిగిలిపోయిన ఫైళ్లను పట్టేది ఇదే. తర్వాత పుద్రియేర్ బల్క్ కమాండ్‌ను చిన్నక్షరం ఎన్ ఫ్లాగ్‌తో నడిపితే ఏమేం బిల్డ్ కాబోతున్నాయో బిల్డ్ చేయకుండా చూపిస్తుంది. ఒక చిన్న ప్యాచ్‌కు వందల ప్యాకేజీలు వరసలో కనిపిస్తే ఆగి, ఏ డిపెండెన్సీ కదిలిందో చూడాలి. ఒక పోర్టునే మళ్లీ చేయించాలంటే పెద్దక్షరం సీ ఫ్లాగ్. చిన్నక్షరం సీ ఇస్తే ఆ సెట్‌లోని ప్యాకేజీలన్నీ చెరిగిపోతాయి, రెండింటినీ కలగాపులగం చేయవద్దు.

జైలు ఏ ఫ్రీబీఎస్‌డీ వెర్షన్‌ది కావాలంటే, అదే మేజర్ సిరీస్‌లో ఇంకా సపోర్ట్ ఉన్న అన్నిటికన్నా పాత మైనర్‌ది. కెర్నల్ మాడ్యూల్ పోర్టులకు మాత్రం సర్వర్ మీద నడిచే మైనర్‌తోనే బిల్డ్ చేయాలి.

సర్వర్ల మీద అధికారిక రిపాజిటరీని ఆపేయాలి. రెండూ ఉంటే, మన రిపాజిటరీలో లేని ఏదో ప్యాకేజీ అటునుంచి వచ్చి, తన డిపెండెన్సీగా మన ఆప్షన్లు లేని ఇంజిన్‌ఎక్స్‌నో, కొత్త డవ్‌కాట్‌నో లాక్కొచ్చే వీలుంది.

ఆడిట్

100 కలపడానికి ఒక మూల్యం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. పీకేజీ ఆడిట్ ఫ్రీబీఎస్‌డీ లోపాల డేటాబేస్‌తో వెర్షన్లు పోల్చి చూస్తుంది. పోర్టులోకి ప్యాచ్ తెచ్చి రివిజన్ పెంచి లోపాన్ని సరిచేసిన సందర్భాల్లో, ఆ డేటాబేస్‌లో "1.4.2_3 కన్నా తక్కువవి ప్రమాదకరం" అని ఉంటుంది. మన సర్వర్ మీద పాత పునాది నుంచి వచ్చిన 1.4.2_102 ఉంటే, లోపం అలాగే ఉన్నా 102 పెద్దది కాబట్టి ఆడిట్ ఏమీ అనదు.

దీనికి మందు ఆ నంబరులోనే ఉంది. మన రివిజన్‌లో పైవాళ్ల రివిజన్ దాగి ఉంది కనుక, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల జాబితా తీసి, రివిజన్ 100 లేదా ఆపైన ఉన్నవాటిలోంచి 100 తీసేసి, వచ్చిన పేరు-వెర్షన్‌ను పీకేజీ ఆడిట్‌కు ఇవ్వాలి. రోజువారీ పీరియాడిక్ స్క్రిప్టుల్లో దీన్ని చేర్చుకోవచ్చు. ప్యాచ్ పోయాక మిగిల్చిన ఒక్క లైను కమిట్‌లో 104 అని ఉంచమన్నది కూడా ఇందుకే. వేరే ఏ అంకె వేసినా ఈ తీసివేత తప్పుతుంది.

నిలిపి ఉంచిన డవ్‌కాట్ జతకు ఈ మందు కూడా చాలదు. అది పాత డైరెక్టరీ కాబట్టి త్రైమాసిక బ్రాంచ్‌లోకి వచ్చే సవరణలు 2.4కే వర్తిస్తాయి. ప్రతి ఫెచ్ తర్వాత మూలం/మెయిన్‌లో ఆ రెండు డైరెక్టరీల మీద పడిన కొత్త కమిట్లను గిట్ లాగ్‌తో తీసి, భద్రతకు సంబంధించినది కనబడితే దాన్ని 2.3 సోర్స్‌కు సరిపడేలా ప్యాచ్‌గా రాయాలి. అలా రాసిన ప్రతి ప్యాచ్‌కూ నిలుపుదల కమిట్ మీద వేరే కమిట్, రివిజన్ ఒకటి పెంపు. ఆ వరస పెరుగుతోందంటే 2.4కు మారే పనిని ఇక వాయిదా వేయకూడదని ట్రైలర్‌లోనే రాసి ఉండాలి.